మరదలి ఊళ్లో నేల చూడ్డానికి: జావా పల్లెలో కొన్ని రోజులు

శుక్రవారం, వాగే

మా పిన్ని కొడుకు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే పరిచయమైన, ఇండోనేషియాలోని జావా దీవి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు ఇద్దరికీ ఆ అమ్మాయి ఊళ్లో కాస్త నేల కొనుక్కుని ఇల్లు కట్టుకోవాలని ఉంది, కుదిరితే పక్కనే పొలం కూడా. నేను బ్యాంకులో పంట రుణాలు చూసి రిటైరైనవాణ్ణి కదా, పిన్ని తణుకు నుంచి ఫోన్ చేసి "నువ్వెళ్లి ఆ నేలేంటో, ఆ కాగితాలేంటో చూసి రారా, వీడికి సర్వే నంబరుకీ డోర్ నంబరుకీ తేడా తెలీదు" అంది. తమ్ముడికి సెలవు దొరకలేదు. మరదలు వచ్చింది, నాకు దుబాసీ ఆమే.

విమానం దిగింది యోగ్యకర్త కొత్త ఎయిర్‌పోర్టులో. పేరుకే యోగ్యకర్త, ఉన్నది మాత్రం నగరానికి బాగా పడమరగా, కులోన్ ప్రొగో జిల్లాలో సముద్రం ఒడ్డున. 2020 నుంచి పూర్తిగా నడుస్తోంది, నగరానికి రైలు కూడా వేశారు. వీసా అక్కడే ఇస్తారు, 30 రోజులకి 5 లక్షల రూపియా. అంకె చూసి గుండె ఆగక్కర్లేదు, లక్ష రూపియా అంటే మనకి ఐదు వందల చిల్లర.

ఎయిర్‌పోర్టు నుంచి జిల్లా కేంద్రం వాతెస్, అక్కడి నుంచి ఉత్తరంగా నంగ్గులాన్ వైపు. ఊరి పేరు రాయను, చిన్న ఊరు, రాస్తే ఇల్లు కూడా తెలిసిపోతుంది. దారి పొడవునా ఎడమ పక్క మెనొరే కొండలు, వాటి కాళ్ల దాకా వరి. ప్రతి అర కిలోమీటరుకీ "నేల అమ్మబడును, యజమానినే సంప్రదించండి" అని చేత్తో రాసిన బోర్డు. మరదలు ఒక్కోటి చదివి చెబుతుంటే అమరావతి ప్రకటించిన కొత్తల్లో గుంటూరు రోడ్డు గుర్తొచ్చింది.

ఇల్లు పాతకాలపు లిమాసన్, అంటే నాలుగు వైపులా వాలు ఉన్న పెంకుటిల్లు. ముందు గదిలో గోడ మీద మక్కా ఫోటో, దాని పక్కనే అర్జునుడి తోలుబొమ్మ. ఇవి పక్కపక్కన ఉండటం ఇక్కడ ఎవరికీ వింత కాదు. మరదలి నాన్నగారిని అందరిలాగే నేనూ "పాక్" అనే పిలిచాను, అమ్మగారు "బు". పాక్ తల్లి, తొంభైకి దగ్గర్లో ఉన్న "ఎంబా", నా చెయ్యి పట్టుకుని ఏదో చాలాసేపు మాట్లాడింది. మరదలు నవ్వి "భోంచేశారా అని అడుగుతోంది బావగారూ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

రోజుల పేర్ల పక్కన ఈ వాగే ఏంటంటారా? జావా వాళ్లకి ఏడు రోజుల వారంతో పాటు ఐదు రోజుల వారం ఇంకోటుంది: లెగి, పహింగ్, పోన్, వాగే, క్లివోన్. సంతలు దాని ప్రకారమే. పుట్టినరోజు, పెళ్లి, ఇల్లు కట్టడం అన్నిటికీ రెండు వారాలూ కలిపి లెక్క చూస్తారు. ఇంట్లో క్యాలెండర్‌లో రెండూ ఉంటాయి, అందుకని నేనూ రెండూ రాసుకున్నాను.

శనివారం, క్లివోన్

తెల్లారి నాలుగున్నరకి మసీదు మైకు, ఆ వెంటనే కోళ్లు, ఆ వెంటనే స్కూటర్లు. ఆరింటికల్లా పాక్ పొలంలో ఉన్నాడు, నేనూ వెళ్లాను.

ఆయనది మూడు చోట్ల మూడు ముక్కలు, అన్నీ కలిపి అరవై సెంట్లు దాటవు. పాపం అనుకోవద్దు, ఈ ఊళ్లో అది మధ్యరకం. ఇండోనేషియాలో అర హెక్టారు లోపు, అంటే ఎకరంపావు లోపు ఉన్నవాణ్ణి చిన్న రైతుగా లెక్కేస్తారు, జావాలో రైతులు ఎక్కువమంది ఆ లెక్కలోకే వస్తారు. ఈ దీవిలో పదిహేను కోట్లకి పైగా జనం, తరానికోసారి పంచుకుంటూ వస్తే ఇంకేం మిగులుతుంది. 1905లోనే డచ్చి వాళ్లు ఈ పక్కనున్న కెదు ప్రాంతం నుంచి 155 కుటుంబాల్ని సుమత్రా దీవిలోని లాంపుంగ్‌కి తరలించి వలసలు మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ప్రభుత్వమూ దశాబ్దాల పాటు అదే చేసింది. పాక్ అన్నయ్య కూడా లాంపుంగ్‌లోనే ఉన్నాడు. ఈ అన్నయ్య సంగతి తర్వాత వస్తుంది, గుర్తుంచుకోండి.

నీళ్లకి మాత్రం లోటు లేదు. ప్రొగో నది నుంచి వచ్చే కాలిబావాంగ్ కాలువ ఇక్కడి పొలాలకి ఆధారం. వరి, మళ్లీ వరి, ఆ తర్వాత మొక్కజొన్నో వేరుశెనగో సోయానో. నేల నల్లగా, చేత్తో పిండితే ముద్దయ్యేలా ఉంది, పక్క జిల్లాలో ఉన్న మెరాపి అగ్నిపర్వతం పుణ్యం. మడులు మాత్రం మరీ చిన్నవి. చేతి ట్రాక్టర్ తిరగడానికే చోటు చూసుకోవాలి, మన డెల్టాలో తిరిగే పెద్ద కోత మిషన్‌కి ఇక్కడ దారే లేదు. నాట్లు వేస్తున్నది ఆరుగురు ఆడవాళ్లు, వెనక్కి నడుస్తూ, మనవాళ్లలాగే. వాళ్లలో యాభై లోపు ఒక్కరూ కనబడలేదు. మగపిల్లలు ఫ్యాక్టరీలకి, జకార్తాకి, కొంతమంది కొరియాకి. మిగిలినవాళ్లు ఎయిర్‌పోర్టు చుట్టూ ఏదో ఒక పని.

బ్యాంకు బుద్ధి పోదు కదా, గట్టు మీద కూర్చుని లెక్క వేశాను. వెయ్యి చదరపు మీటర్ల పొలం, అంటే మనకి పావు ఎకరం, బాగా పండితే పంటకి ఐదున్నర క్వింటాళ్ల ధాన్యం ఇస్తుందని పాక్ చెప్పాడు. ప్రభుత్వం 2025 జనవరి నుంచి కిలో 6,500 రూపియాకి కొంటోంది, అదీ కోసిన పచ్చి ధాన్యానికి. మన డబ్బుల్లో 34 రూపాయల దాకా పడుతుంది. మన దగ్గర 2025–26 మద్దతు ధర క్వింటాలుకి 2,369, కిలోకి 24 కూడా కాదు. ఈ మాట నేనంటే పాక్ నమ్మలేదు, మీ దేశంలో రైతులు ఎలా బతుకుతారు అని అడిగాడు. నేనేం చెప్తాను.

ఆయన ఒక ముక్క పంటని కోతకి ముందే తెబాసన్‌కి ఇచ్చేశాడు. అంటే వ్యాపారి వచ్చి గట్టు చుట్టూ తిరిగి, కంకులు చేత్తో తడిమి, చేను మొత్తానికి ఒక రేటు చెప్పి కొనేస్తాడు. కోత కూలీ, మోత, రవాణా అన్నీ అతనివే. మన మామిడి తోటలు పూత మీద అమ్మేసినట్టే అనుకోండి, కాకపోతే ఇది వరి. మిగతా రెండు ముక్కలూ ఇంటి తిండికి.

మధ్యాహ్నం భోజనంలో తెంపె బెంగుక్ పెట్టారు, తెంపె అంటే పులియబెట్టిన గింజల అచ్చు. కులోన్ ప్రొగో ప్రత్యేకం అట. ఏ గింజతో చేస్తారని అడిగితే బు డబ్బాలోంచి తీసి చూపించింది, చూస్తే దూలగొండి జాతి గింజ! చిన్నప్పుడు దురద పెట్టి చంపిన మొక్కని ఇక్కడ పులియబెట్టి కొబ్బరిపాలలో ఉడికించి తింటున్నారు. ఈ రకానికి ఆ దురద ఉండదట. రుచి బాగుంది, కారమే చాల్లేదు.

ఆదివారం, లెగి

ధరలు కనుక్కునే రోజు. పాక్ చుట్టం ఒకాయన మకెలార్, అంటే బ్రోకరు. స్కూటర్ మీద నన్నెక్కించుకుని తిప్పాడు, మరదలు వెనకాల ఇంకో బండి మీద.

ముందు తెలుసుకోవాల్సింది, ఇక్కడ నేలకి రకాలున్నాయి, రకాన్ని బట్టే ధర. ఇంటి చుట్టూ కొబ్బరి, అరటి, పనస, కోళ్లగూడు ఉన్న పెరటి స్థలం పెకరాంగన్. ఇందులో ఇల్లు కట్టొచ్చు. నీటి వరి పొలం సావా. కొండ మీద మెట్ట తెగాలన్. కాగితం మీద సావా అని ఉంటే అందులో ఇల్లు కట్టాలంటే మార్పిడి అనుమతి కావాలి, అది ఊరికే రాదు. వరి నేలల్ని కాపాడ్డానికి 2009లో ప్రత్యేకంగా చట్టం చేశారు, దాని కింద గుర్తించిన పొలాల్లో ఇటుక పెట్టడానికి వీల్లేదు. మా మకెలార్ ఈ విషయం రెండుసార్లు అడిగాక గానీ చెప్పలేదు. ఏ దేశమైనా బ్రోకరు బ్రోకరే.

ఆ చుట్టుపక్కల లోపలి పొలం చదరపు మీటరు 3 లక్షల రూపియా అడుగుతున్నారు, తారురోడ్డు పక్కన పెరటి స్థలం 10 లక్షలు, కొండలు కనబడే చోటైతే ఇంకా పైకి. ఇవి అడిగే ధరలు, తెగే ధరలు కావు. అయినా మన లెక్కలోకి మార్చి చూస్తే పొలం ఎకరం 64 లక్షల రూపాయల దాకా, రోడ్డు పక్క స్థలం గజం నాలుగు వేల పైన. పల్లెటూరు కదా చవగ్గా ఉంటుందనుకుని వచ్చేవాళ్లకి ఇది మింగుడుపడదు. మనకి మాత్రం అలవాటే.

పెట్టుబడిగా చూస్తే సంగతేంటి? ఆ పావు ఎకరం పొలం ధర 30 కోట్ల రూపియా, మనకి 16 లక్షలు. కొన్నవాడు సింగపూర్‌లో ఉంటాడు కాబట్టి మారో పద్ధతిలో, అంటే సగం పాలుకి ఇవ్వాలి. ఐదున్నర క్వింటాళ్లలో సగం, రెండు పంటలు, అన్నీ కలిసొస్తే ఏడాదికి మన డబ్బుల్లో 19 వేలు. నూటికి రూపాయి పావలా కూడా రాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకోవడం నయం. మరి జకార్తా వాళ్లు ఎందుకు కొంటున్నారంటే వరి కోసం కాదు, ఎయిర్‌పోర్టు కోసం, టోల్ రోడ్డు కోసం. సోలో నగరం నుంచి యోగ్యకర్త మీదుగా కులోన్ ప్రొగో దాకా టోల్ రోడ్డు వస్తోంది, ఆ గీత ఎక్కడ పోతుందోనని అందరి కళ్లూ మ్యాపు మీదే.

నష్టపరిహారం డబ్బు గురించి ఇక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారు. 2021లో తూర్పు జావాలో తుబాన్ దగ్గర ఒక ఊళ్లో రిఫైనరీకి నేలలు పోయి, డబ్బు రాగానే ఊరంతా ఒకేసారి కొత్త కార్లు కొన్న వీడియో దేశమంతా చూసింది. కార్ల వీడియో అందరికీ గుర్తుంది, ఆ తర్వాత వాళ్లు ఏం చేస్తున్నారో చూడ్డానికి ఎవరు వెళ్తారు? ఇక్కడ ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడూ తెమోన్ వైపు పుచ్చకాయ, మిరప వేసుకునే రైతులు ఏళ్ల తరబడి మేం ఇవ్వమని పోరాడారు. ఇసుక నేలని నీళ్లు పోసి పోసి పొలం చేసుకున్నవాళ్లు వాళ్లు. చివరికి ఎయిర్‌పోర్టే వచ్చింది, దాంట్లోనే నేను దిగాను.

తిరిగొచ్చేటప్పుడు ఒక కవ్లింగ్ చూపించాడు. అంటే మన వెంచరే: కొబ్బరితోట కొట్టేసి, ఎర్ర గ్రావెల్ రోడ్డు వేసి, రంగు జెండాలు పాతి, నూట ఇరవై మీటర్ల ముక్కలుగా అమ్ముతున్నారు. కాగితం అడిగితే మొత్తం తోటకి ఒకే పెద్ద సర్టిఫికెట్, ముక్కలకి తర్వాత విడగొట్టి ఇస్తామన్నారు. ఎప్పుడు? త్వరలో. ఈ మాట నేను రుణాలిచ్చే రోజుల్లో తెలుగులో చాలాసార్లు విన్నాను, నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను.

సోమవారం, పహింగ్

పొద్దున్న సంత. బెల్లం ముద్దలు, తెంపె, కోళ్లు, కొడవళ్లు, పచ్చి వేరుశెనగ, ఒక మూల పళ్ల సెట్లు కట్టేవాడు. గెబ్లెక్ అని కర్రపెండలం పిండితో చేసే తెల్లటి వడలు వేడివేడిగా తిన్నాం. చల్లారితే రబ్బరే, ముందే చెబుతున్నా.

అసలు విషయం సాయంత్రం. ఎదురింట్లో పెద్దావిడ పోయి వెయ్యి రోజులైంది. జావా ముస్లిములు మనిషి పోయాక మూడో రోజు, ఏడు, నలభై, నూరు, ఏడాది, రెండేళ్లు, చివరికి వెయ్యో రోజు కెందురి, అంటే ప్రార్థన చేసి భోజనం పంచడం, చేస్తారు. మన పదో రోజు, మాసికాలు, సంవత్సరీకం తెలిసినవాడికి ఇందులో అర్థం కానిదేమీ లేదు. దానికి వంట సాయం రెవాంగ్, అంటే చుట్టుపక్కల ఆడవాళ్లంతా పనులు మానుకుని వెళ్లి కూరలు తరగడం, కొబ్బరి తురమడం, డబ్బాలు కట్టడం. మా మరదలు ఊళ్లో దిగి మూడు రోజులే అయినా, సింగపూర్‌లో మేనేజర్ అయినా, పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా ఉల్లిపాయలు ఒలిచింది. "వెళ్లకపోతే ఏమవుతుంది?" అని అడిగాను. "ఏమీ అవదు బావగారూ. మా ఇంట్లో కార్యం అయినప్పుడు ఎవరూ రారు, అంతే" అంది.

రాత్రి మగవాళ్లం చాపల మీద గుండ్రంగా కూర్చున్నాం. ప్రార్థన నడిపించే పెద్దాయన అరబీలో చదివాడు, మధ్యలో జావా భాషలో పోయినావిడ పేరు, ఆవిడ తల్లిదండ్రుల పేర్లు వినిపించాయి. చివర్లో తలా ఒక డబ్బా, అన్నం, కోడి, నూడుల్స్, అరటిపండు. అక్కడ తినరు, ఇంటికి తీసుకెళ్లి ఇంట్లోవాళ్లతో పంచుకుంటారు. నేను పరాయివాణ్ణని నాకు రెండిచ్చారు.

కెందురి అయ్యాక పాక్ వంతు రోండా, రాత్రి కాపలా. వారానికో రోజు ఒక్కో బృందం. నేనూ వెళ్లాను. వీధి చివర చిన్న పాక, వేలాడదీసిన చెక్క గంట, చదరంగం బల్ల, తియ్యటి అల్లం నీళ్లు, సిగరెట్లు. పదకొండు దాటాక టార్చి పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ప్రతి గుమ్మం పక్కన చిన్న డబ్బా వేలాడుతుంది, అందులో ఆ ఇంటివాళ్లు వేసిన 500 రూపియా నాణెం. పూర్వం గుప్పెడు బియ్యం వేసేవాళ్లట. ఆ డబ్బులు పోగేసి పుస్తకంలో రాస్తారు. వీధి దీపాలకి, ఎవరైనా ఆస్పత్రి పాలైతే వాళ్లకి, చావు ఖర్చులకి అదే నిధి. ఒక ఇంటి దగ్గర డబ్బా ఖాళీగా ఉంది. అది జకార్తా ఆయన కొని కట్టించిన పెద్ద చెక్క ఇల్లు, గోడ చుట్టూ కెమెరాలు, మనుషులు లేరు. పాక్ టార్చి వేసి చూసి, పుస్తకంలో గీత పెట్టి, ఏమీ అనకుండా ముందుకు నడిచాడు. మిగతావాళ్లు మాత్రం చాలానే అన్నారు. ఆ ఇంటి మురుగునీటి గొట్టం కింద మడిలోకి వదిలాడట, ఎవరికి చెప్పాలో తెలీదు, వాచ్‌మన్‌కి చెబితే ఓనర్‌కి చెబుతానంటాడు.

నేల ధర మీటరుకి ఇంత అని నిన్న రాసుకున్నాను. ఈ ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాడు నెలకి కొన్ని రాత్రులు, కొన్ని ఉల్లిపాయల బస్తాలు, ప్రతిరోజూ ఒక నాణెం కూడా కట్టాలని అందులో కలుపుకోవాలి. తమ్ముడు సింగపూర్ నుంచి ఇవి ఎలా కడతాడు? పెరట్లో మామగారు ఉంటే ఆయన కడతాడు, విడిగా ఎక్కడో కొంటే ఆ చెక్క ఇంటాయన పరిస్థితే.

మంగళవారం, పోన్

వాతెస్‌లో నోటరీ ఆఫీసు. ఇక్కడ నేల రిజిస్ట్రేషన్ దస్తావేజు రాసే అధికారం పీపీఏటీ అనే ప్రత్యేక అధికారికి ఉంటుంది, ఎక్కువగా నోటరీలే ఆ లైసెన్సూ పెట్టుకుంటారు. దస్తావేజు అయ్యాక బీపీఎన్ అనే భూమి కార్యాలయంలో సర్టిఫికెట్ పేరు మారుతుంది. నోటరీ గారు నలభై ఏళ్ల ఆవిడ, తలకి గుడ్డ, టేబుల్ మీద మూడు ఫోన్లు, మాట మాత్రం సూటి.

ఆవిడ చెప్పింది నేను అర్థం చేసుకున్నంతలో ఇది. ఇండోనేషియా భూమి చట్టం 1960 నాటిది. పూర్తి యాజమాన్యం, వాళ్లు హాక్ మిలిక్ అంటారు, ఆ దేశ పౌరులకే. విదేశీయుడికి అది ఏ దారిలోనూ రాదు. ఇల్లు వాడుకునే హక్కు, హాక్ పకాయ్, 30 ఏళ్లకి ఇచ్చి తర్వాత 20, ఆపైన మరో 30 పొడిగించే వీలుంది. దానికీ కనీస ధర, విస్తీర్ణం హద్దు ఉన్నాయి. పొలానికి అసలు కుదరదు. స్థానికుడి పేరు మీద కొని వెనకాల రహస్య ఒప్పందం రాసుకునే పద్ధతి బాలీలో బాగా నడుస్తుంది. చట్టం దృష్టిలో అది చెల్లదు, తేలితే నేల ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. ఆవిడ ఈ మాట చెబుతూ పెన్ను టేబుల్ మీద రెండుసార్లు కొట్టింది.

"మాకు ఆ బాధ లేదు కదా, మా మరదలు ఇక్కడి పౌరురాలే" అన్నాను. అసలు చిక్కు అక్కడే ఉందట. పెళ్లయ్యాక కొన్న ఆస్తి భార్యాభర్తలిద్దరిదీ అని వీళ్ల 1974 పెళ్లి చట్టం. భర్త విదేశీయుడైతే అందులో సగం విదేశీయుడిది అయిపోతుంది, అలాంటప్పుడు హాక్ మిలిక్ నిలవదు. దీనికి విరుగుడు ఆస్తులు వేరు వేరు అని దంపతులు రాసుకునే ఒప్పందం. పూర్వం అది పెళ్లికి ముందే రాసుకోవాలి, రాసుకోని ఆడవాళ్లు సొంత దేశంలో ఇల్లు కొనలేక ఇరుక్కుపోయేవాళ్లు. అలాంటి ఒకావిడే రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్తే, 2016 అక్టోబర్‌లో తీర్పొచ్చింది: పెళ్లయ్యాక కూడా ఆ ఒప్పందం రాసుకోవచ్చని. మా వాళ్లు రాసుకోలేదు. రాసుకోవచ్చన్న సంగతే మరదలికి తెలీదు.

ఇంకో దారి ఉంది, అది ఆవిడ చివర్లో, మేం లేవబోతుంటే చెప్పింది. అదే చట్టం ప్రకారం తల్లిదండ్రులు బహుమతిగా ఇచ్చింది, వారసత్వంగా వచ్చింది మాత్రం ఉమ్మడి ఆస్తిలోకి రాదు, ఆ మనిషిదే. అంటే పాక్ తన పెరట్లో ఒక ముక్క కూతురికి హిబా, అంటే దానం కింద రాసిస్తే, అది అమ్మాయిది మాత్రమే. తమ్ముడి పాస్‌పోర్టు దాని జోలికి రాదు. అయితే అమ్మాయి ఇండోనేషియా పౌరసత్వం ఉంచుకోవాలి. సింగపూర్ పౌరసత్వమో మరోటో తీసుకుంటే ఏడాదిలోగా ఆ హక్కు వదులుకోవాలి. రేపు ఆమె తర్వాత విదేశీ పౌరుడికి వారసత్వంగా వచ్చినా అంతే, ఏడాదిలోగా ఎవరికో ఇచ్చేయాలి. పుట్టబోయే పిల్లల పౌరసత్వం మీద చాలా ఆధారపడుతుందన్నమాట. పిన్నికి ఫోన్‌లో ఇది ఎలా చెప్పాలో ఆలోచించుకుంటూ కారెక్కాను.

పొలం గురించి కూడా అడిగాను. 1961 నుంచి ఒక నియమం ఉందట, వ్యవసాయ భూమి కొన్నవాడు అదే మండలంలోనో ఆనుకున్న మండలంలోనో ఉండాలి. ఎక్కడో కూర్చుని పొలం పెట్టుకోకూడదని. జనం చుట్టాల అడ్రసులు పెట్టి దాటేస్తుంటారు, అది వేరే సంగతి. ఖర్చుల విషయం: కొంటే కొన్నవాళ్లకి మినహాయింపు పోగా 5 శాతం, అమ్మినవాళ్లకి 2.5 శాతం, దస్తావేజు రాసినందుకు 1 శాతం దాటకుండా ఫీజు. దానానికీ పన్ను ఉంది, కాకపోతే తల్లిదండ్రుల నుంచి పిల్లలకి అంటే కొన్ని వెసులుబాట్లున్నాయి.

బుధవారం, వాగే

పొద్దున్న కొండ మీదికి. కోకప్ వైపు కొబ్బరి బెల్లం చేసే ఇళ్లు. గీతగాళ్లు రోజుకి రెండుసార్లు చెట్టెక్కుతారు, నడుముకి తాడు లేదు, గొట్టంలో సున్నం వేసి నీరా పులవకుండా పట్టుకొస్తారు. ఆడవాళ్లు కట్టెల పొయ్యి మీద గంటలు గంటలు కాచి కొబ్బరి చిప్పల్లో పోస్తారు. కోనసీమలో అన్ని కొబ్బరిచెట్లున్నా మనం ఈ బెల్లం ఎందుకు చెయ్యలేదో నాకిప్పటికీ అర్థం కాదు. కొండ మీద నేల చవక, దృశ్యం అద్భుతం, కానీ వానాకాలంలో విరిగిపడే మట్టి. దారిలో రెండు చోట్ల సగం రోడ్డు లేదు. హోమ్‌స్టే కడదామని ఇక్కడ కొనేవాళ్లు ఫోటో చూసి కాదు, ఒక వానాకాలం చూసి కొనాలి.

మధ్యాహ్నం పాక్ బీరువాలోంచి కాగితాలు తీశాడు. పెరటికి ఆకుపచ్చ సర్టిఫికెట్ ఉంది, ఊరంతటికీ సామూహికంగా కొలిచి ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమంలో వచ్చింది. రెండు పొలం ముక్కలకీ ఉంది. మూడోది, కాలువ పక్కది, అన్నిటికన్నా మంచిది, ఇంకా వాళ్ల నాన్న పేరు మీద లెటర్ సి లోనే ఉంది. అంటే పంచాయతీ పాత శిస్తు పుస్తకంలో పేరు మాత్రమే, పట్టా కాదు. దాన్ని మార్చాలంటే వారసులందరి సంతకాలు కావాలి, వారసుల్లో లాంపుంగ్ అన్నయ్య ఉన్నాడు.

వీడియో కాల్ పెట్టారు. అన్నయ్య వెనకాల రబ్బరు తోట. ఇద్దరూ అరగంట చాలా మర్యాదగా మాట్లాడుకున్నారు, గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు, నాకైతే అంతా కుదిరిపోయిందనిపించింది. ఫోన్ పెట్టేశాక మరదలు చెప్పింది: "పెదనాన్న ఒప్పుకోలేదు. రంజాన్ పండక్కి వచ్చినప్పుడు మాట్లాడదాం అన్నాడంటే ఒప్పుకోలేదని అర్థం." సరే, ఆ ముక్క పక్కన పెట్టేశాం.

పెరటి సంగతి మాత్రం ఆ పూటే తేలింది. మరదలి తమ్ముడు వాతెస్‌లో మెకానిక్, సాయంత్రం వచ్చాడు. అక్కకి పడమటి వైపు, బావి అవతల, మూడు వందల మీటర్లు, అంటే మన ఏడున్నర సెంట్లు ఇవ్వడానికి తనకేం అభ్యంతరం లేదన్నాడు, ఇంటి భాగం తనకి ఉంటే చాలు. బు మధ్యలో ఒకే మాట అంది, పనసచెట్టు కొట్టకూడదని. నేను ఇంకో మాట కలిపాను: దానం అన్నారు కాబట్టి ఊరికే తీసుకోవద్దు, మా తమ్ముడు నేలకి పెడదామనుకున్న డబ్బుతో ముందు ఈ ఇంటి పైకప్పు బాగుచేయించాలి, ఎందుకంటే రేపు ఈ అక్కకీ తమ్ముడికీ తేడా వస్తే మాట పడేది నా తమ్ముడే. పాక్ మొహమాటపడ్డాడు, బు పడలేదు.

గురువారం, క్లివోన్

ఫ్లైటు సాయంత్రం. పొద్దున్న టేపు పట్టుకుని బావి నుంచి కొలిచాం, వెదురు గూటాలు పాతాం. తమ్ముడికి ఫోన్ చేసి విషయం చెబితే "మరి పొలం, అన్నయ్యా?" అన్నాడు, ఆ గొంతులో నిరాశ వినబడింది. పొలం కావాలంటే పాక్ దగ్గర ఒక పంట కౌలుకి తీసుకో, ఎరువుల ఖర్చు నువ్వు పెట్టు, సగం పాలు తీసుకో, నీ బియ్యం నువ్వు తింటావు, కాగితాలతో పని లేదు అన్నాను. వచ్చే నాట్లకి వస్తానన్నాడు, చూడాలి. నోటరీకి ఇవ్వాల్సినవి మరదలు రాసుకుంది: అసలు సర్టిఫికెట్, ఆ ఏడాది శిస్తు రసీదు, అందరి గుర్తింపు కార్డులు, తన తమ్ముడి అంగీకార పత్రం. ఆస్తుల ఒప్పందం కూడా విడిగా రాసుకోమన్నాను, రేపు ఏదైనా సొంతంగా కొనాలనుకుంటే పనికొస్తుంది.

బయల్దేరే ముందు ఆ పేటకి పెద్ద, పాక్ దుకు అంటారు, స్కూటర్ ఆపి వచ్చాడు. వార్త అప్పటికే ఊరంతా పాకింది. దానానికి సాక్షి సంతకం తానే పెడతానన్నాడు. టీ తాగాక జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, కొత్త ఇల్లు వస్తోంది కదా, అల్లుడు ఊళ్లో ఉన్న రోజుల్లో రోండాకి ఏ రాత్రి రాస్తే అనుకూలం అని అడిగాడు. శనివారం రాయమన్నాను, తమ్ముణ్ణి అడక్కుండానే.